సోమవారం రాసినవాళ్ళు

గుడివాడ కేంద్రం నుంచి వచ్చిన జవాబు పత్రాల్లో ఎర్ర గీత పడ్డవి పదకొండు. వాటిని బల్ల మీద పరిచి కోడ్ నంబర్లు చూశాం. పదకొండూ సోమవారం రాసినవే. ఆదివారం రాసినవాళ్ళు అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ, వాళ్ళలో ఒక్కరికీ ఎర్ర గీత లేదు. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అంకెలు ఇంత శుభ్రంగా రెండుగా విడిపోయాయంటే ఎక్కడో పెద్ద పొరపాటు జరిగి ఉండాలి, లేదంటే మాకు తెలియనిదేదో దొరకబోతూ ఉండాలి. ఏదైనా సరే, ఆ రోజు భోజనానికి వెళ్ళాలనిపించలేదు.

ఉద్యోగ విరమణకు రెండేళ్ళ ముందు, కోవిడ్ ఆంక్షలు తీసేశాక వచ్చిన వేసవిలో, ఆ ప్రాజెక్టుకు సమన్వయాధికారిగా నన్ను మచిలీపట్నంలో వేశారు. చాలా కాలం క్రితం అదే ఊళ్ళో ఆరేళ్ళు ఒక దినపత్రికకు విలేకరిగా పనిచేశాను. ఆ తర్వాతే ప్రభుత్వ పరిశోధన సంస్థలో చేరాను. పాలకాయతిప్ప వైపు తీరంలో కొత్తగా కాపలా సిబ్బందిని తీసుకోబోతున్నారు. దేహదారుఢ్య పరీక్షతో పాటు మానసిక పరీక్ష కూడా పెట్టాలనుకున్నారు. బయట ఎక్కడో తయారైన ప్రశ్నావళిని తెలుగులోకి తెచ్చి, అది మన ప్రాంతంలో సరిగా పనిచేస్తుందో లేదో తేల్చడం మా పని. బందరు, గుడివాడ, అవనిగడ్డలలో కేంద్రాలు పెట్టాం.

పద్ధతి ఇది. ప్రతి పత్రం మీద కోడ్ మాత్రమే ఉంటుంది. పేరు రాసిన చీటీ సీలు వేసిన కవరులో నా దగ్గర ఉంటుంది. మార్కులు వేసే మనస్తత్వ నిపుణుడికి అభ్యర్థి ఎవరో తెలియదు. 'ఎప్పుడైనా తాగి గొడవపడ్డారా', 'ఎప్పుడైనా దొంగతనం చేశారా' వంటి ప్రశ్నలకు అవునన్న జవాబులు ఒక హద్దు దాటితే ఎర్ర గీత పడుతుంది. ప్రయోగ దశే అయినా, ఎర్ర గీత పడినవాళ్ళను ఆ విడత నియామకంలో పక్కన పెట్టాలన్నది పై ఉత్తర్వు.

మా నిపుణుడు డాక్టర్ కార్తీక్ హైదరాబాదు నుంచి వచ్చిన యువకుడు, పనిమంతుడు. సోమవారం ప్రశ్నపత్రంలో ముద్రణ తేడా ఉందేమోనని పదాలన్నీ సరిచూశాడు. తేడా లేదు. పర్యవేక్షకుడు మారాడేమోనని అడిగాడు. మారలేదు. అప్పుడు సూపరింటెండెంట్ రహీమ్ గారు టీ గ్లాసు కింద పెట్టారు. ఆయన బందరు మనిషి, అభ్యర్థుల ఫోన్లన్నీ ఆయనకే వచ్చేవి.

"మేడమ్, అసలు సోమవారం పరీక్ష ఎందుకు పెట్టామో గుర్తుందాండీ? ఆదివారం చర్చి ఉంది, రాలేమని కొంతమంది బతిమాలితే పెట్టాం. ఇప్పుడు మన లెక్క ప్రకారం చర్చి మానేసి వచ్చినోళ్ళంతా బుద్ధిమంతులు, చర్చికెళ్ళినోళ్ళంతా తాగుబోతులూ దొంగలూనా?"

కార్తీక్ నవ్వలేదు. "డేటా అలా ఉంది సార్," అన్నాడు.

"డేటాకేమండీ, పేరు చెడితే పెళ్ళి ఆగేది దానికి కాదు. వాళ్ళని పిలిచి అడగండి," అన్నారు రహీమ్ గారు.

సీలు తెరవాలంటే డైరెక్టరు అనుమతి కావాలి. రెండు పేజీల నోట్ పంపాను, మూడో రోజున అనుమతి వచ్చింది. గుడివాడలో పరీక్ష పెట్టిన జూనియర్ కాలేజీ గదిలోనే పదకొండు మందినీ ఒక్కొక్కరుగా కూర్చోబెట్టాం. విలేకరిగా నేర్చిన మొదటి ప్రశ్న నాది: ఎప్పుడు? మా ప్రశ్నావళి అడగని ప్రశ్న అదే.

దొంగతనం చేశానని రాసినావిడ, "ఆరో తరగతిలో పక్కింటి జామకాయలండీ," అంది. తాగానని రాసినాయన, "మా బావ పెళ్ళిలో కల్లు పట్టించారండీ. అదీ కక్కేశాను," అన్నాడు. మరి అవునని ఎందుకు పెట్టారని కార్తీక్ అడిగితే, ఆయన మా ఇద్దరి వంకా వింతగా చూశాడు. "కాదని పెడితే అబద్ధం కదండీ. 'ఎప్పుడైనా' అన్నారుగా మీరు. వారం వారం ప్రార్థనలో అందరి ముందూ లేచి చెప్పేదే కదా. ఇక్కడ కాగితం మీద అడిగారు, అంతే."

అప్పుడు వెలిగింది నాకు. ఈ ప్రాంతపు క్రైస్తవ కుటుంబాల్లో ఇళ్ళ దగ్గర జరిగే ప్రార్థన కూటాల్లో సాక్ష్యం చెప్పడమనే అలవాటు ఉంది. ఒక మనిషి లేచి నిలబడి, తాను ముందు ఎంత చెడ్డగా ఉండేవాడో చెప్పి, తర్వాత ఎలా మారాడో చెప్తాడు. మొదటి సగం ఎంత దాచకుండా చెప్తే రెండో సగానికి అంత బలం. మా ప్రశ్నావళిలో మొదటి సగానికే గళ్ళున్నాయి. కార్తీక్ కుర్చీ వెనక్కి జరిపి, "మేడమ్, దీని మీద ఒకటి కాదు, రెండు రీసెర్చ్ పేపర్లు రాయొచ్చు," అన్నాడు. మధ్యాహ్నానికి పదిమందివీ తేలిపోయాయి. ఇద్దరం చిన్నపిల్లల్లా పొంగిపోయాం.

పదకొండో మనిషి ప్రకాశం. పేరు మార్చాను. నందివాడ దగ్గర చేపల చెరువుల మీద అప్పటికి ఏడేళ్ళుగా కాపలా పని చేస్తున్నాడు. ఆ ఏడాదితో వయోపరిమితి దాటిపోతుంది కాబట్టి ప్రభుత్వ ఉద్యోగానికి అతనికి అదే ఆఖరి అవకాశం. 'మీకు అప్పగించినదాన్ని తెలిసి పోనిచ్చారా' అన్న ప్రశ్నకు అవునని పెట్టాడు.

"చిన్నతనంలో సంగతా?" అన్నాను. ఆ అడగడంలోనే తప్పించుకునే దారి చూపించానని ఒప్పుకోవాలి.

"కాదండీ. ఈ చెరువు కాపలాలోనే. తెలిసినోళ్ళు వల వేసుకుంటుంటే అటు తిరిగి కూర్చున్నాను. ఒకసారి కాదండీ, మూడు నాలుగు సార్లు."

"చేపలు నాలుగు పోతే పెద్ద విషయమా?"

"చేపలు చిన్నయ్యేనండీ. ఓనరు గారు నన్ను నమ్మారు, అది చిన్నది కాదు. మారాక నేనే వెళ్ళి చెప్పేశాను."

కార్తీక్ కలం ఆగింది. మిగతా పదిమంది తప్పులూ గుచ్చి అడిగేకొద్దీ చిన్నవయ్యాయి. ఇతని తప్పు పెద్దదయింది. అదీ సరిగ్గా మా పరీక్ష పట్టుకోవాలనుకున్న తప్పే.

ప్రకాశం అనుమతితో చెరువు యజమానికి ఫోన్ చేశాం. "వాడు చెప్పేదాకా నాకు తెలియనే తెలియదండీ," అన్నాడాయన. "ముందు ఒళ్ళు మండింది. తర్వాత మేత గోడౌను తాళాలు కూడా వాడి చేతికే ఇచ్చాను. నాలుగేళ్ళయింది, మళ్ళీ ఏమీ పోలేదు. గవర్నమెంటోళ్ళు తీసుకుపోతారా ఏంటి? తీసుకుపోతే నాకు ఇబ్బందేనండీ."

నివేదిక రాశాను. పదిమంది ఎర్ర గీతలు రద్దు చేయాలని, ప్రకాశాన్ని ఏడాది పరిశీలన షరతుతో తీసుకోవాలని సిఫారసు చేశాను. పదిమందినీ బోర్డు వెంటనే ఒప్పుకుంది. ప్రకాశం దగ్గర ఒక సభ్యుడు కళ్ళజోడు తీసి, "కాపలాలో మోసం చేశానని సంతకం పెట్టినవాణ్ణి నేనెలా సంతకం పెట్టి తీసుకోనండీ?" అన్నారు. జవాబుగా యజమాని మాటలు చదివి వినిపించాను. నిర్ణయం వాయిదా అని రాసుకున్నారు. మేము పదిమందితో ఆపి అతన్ని గుచ్చి అడగకపోతే అతనూ పదకొండు మందిలో ఒకడుగా ఉండి, పరీక్ష లోపం కింద బయటపడేవాడే. అడగడం వల్లే దొరికాడు. ఫలితం చెప్పడానికి నేనే ఫోన్ చేశాను. "ఇంకోసారి అడిగినా అదే చెప్తానండీ," అన్నాడు.

మనిషి తన గురించి చెప్పుకునే అలవాటే ప్రశ్నావళిలో ముందుగా నమోదవుతుంది. ఆ అలవాటేమిటో తెలియకుండా మార్కులు వేయకూడదని ఆ గుడివాడ గదిలో నేర్చుకున్నాను. అభ్యర్థి మీద జాలితో జవాబుకు దారి చూపించకూడదని కూడా అక్కడే తెలిసింది. ఆ తర్వాత ప్రశ్నావళిలో 'ఎప్పుడైనా' అన్న చోటల్లా 'గత మూడేళ్ళలో' అని మార్చారు. 'ఆ తర్వాత ఏం చేశారు' అనే గడి కూడా చేరింది. కార్తీక్ పేపరు రాశాడు.

కాపలాలోనే తప్పు చేసి ఒప్పుకున్నవాడు మళ్ళీ కాపలాకు పనికొస్తాడా, ఎన్నడూ ఏ తప్పూ చేయలేదని రాసినవాడు పనికొస్తాడా అన్న అసలు ప్రశ్న మాత్రం తేలలేదు. తేలాలంటే రెండు రకాల వాళ్ళనూ ఉద్యోగంలోకి తీసుకుని కొన్నేళ్ళు గమనించాలి. బోర్డు నిర్ణయం వచ్చేలోపే ప్రకాశం వయోపరిమితి దాటిపోయింది. నాకు తెలిసినంతవరకు ఇప్పటికీ మొదటి రకం వాళ్ళను ఒక్కరినీ తీసుకోలేదు.