టచ్‌ప్యాడ్ మీద అట్టముక్క

టైపక్కని లాప్‌టాప్ ఎలా ఉందని అడిగారో, మీ పని అయిపోయినట్టే. "కొన్న వారానికి అందరూ పొగుడుతారర్రా, నాలుగేళ్ళు కాపురం చేసినదాన్ని, నన్నడగండి" అని మొదలుపెడుతుంది. స్క్రీనా? ఎదురుగా కూర్చుంటే భేషుగ్గా ఉంటుంది, జానెడు పక్కకి జరిగితే అమావాస్యే. బ్యాటరీయా? పది గంటలొస్తుందని షాపువాడు ఒట్టేసి మరీ చెప్పాడు, ఇప్పుడు గంటంబావు వస్తే గొప్ప. పోయేది చెప్పి పోతుందా అంటే అదీ లేదు. ఇంకా ముప్పై శాతం ఉందని చూపిస్తూనే గుటుక్కుమంటుంది. ఇక టచ్‌ప్యాడ్ మాటెత్తితే ఆవిడకి ఒళ్ళు మండిపోతుంది. టైపు చేస్తుంటే అరచెయ్యి తగిలిందా, కర్సరు గెంతి పైనెక్కడో కూర్చుంటుంది. అందుకే పాత క్యాలెండరు అట్ట కత్తిరించి, దాని మీద టేపుతో అంటించేసింది.

ఆవిడ పని వినపడనివాళ్ళ పక్కన కూర్చుని టైపు చెయ్యడం, అందుకే అందరికీ టైపక్క. ఎదుటివాళ్ళు అన్న మాట అన్నట్టే టకటకా టైపు చేస్తుంది, వాళ్ళు స్క్రీన్ మీద చదువుకుని జవాబు చెబుతారు. ఈ పనికో కట్టుబాటుంది. టైపు చేసేవాళ్ళు గదిలో నోరు విప్పకూడదు. సొంత మాట ఒక్కటి కలిపినా పనికి పిలిచేవాళ్ళ జాబితాలోంచి పేరు ఎగిరిపోతుంది. "గోడకి చెవులుంటాయి కానీ నోరుంటుందా?" అని నవ్వేది. పద్నాలుగేళ్ళలో ఆ గోడ ఒక్కసారే మాట్లాడింది.

ఆ రోజు విచారణ ఒక రేకుల ఫ్యాక్టరీలో. ఇరవయ్యేళ్ళు కట్టింగ్ మిషన్ నడిపిన ఆపరేటరు, ఆ హోరుకే చెవులు పోగొట్టుకున్నాడు. నెల కిందట అతను స్విచ్చి వేసినప్పుడు మిషన్ శుభ్రం చేస్తున్న కుర్రాడి రెండు వేళ్ళు తెగిపోయాయి. చేతులు లోపలికి పోకుండా అడ్డుండే రేకుని గార్డు అంటారు. ఎవరో దాన్ని తీసేసి ఉంచారు. అది తెలిసే స్విచ్చి వేశాడా, తెలియక వేశాడా? తేలాల్సింది అదొక్కటే. తెలిసే అని తేలితే ఉద్యోగం ఊడుతుంది. చెవుల్లేని నలభయ్యేళ్ళవాణ్ణి ఇంకెవడు పనిలో పెట్టుకుంటాడు?

ఆ స్క్రీన్‌తో వేరే దారి లేక టైపక్కా ఆపరేటరూ భుజం భుజం ఆనించి కూర్చున్నారు. బల్లకి అవతల విచారణాధికారి. గోడకున్న ప్లగ్గులో ఛార్జరు పెట్టింది. అందులో కరెంటు ఉలుకూ పలుకూ లేదు. అడుగుదామంటే నోరు విప్పకూడదాయె. సరే, గంటలో అయిపోతుందిలే అనుకుంది.

అవుతుందా? అధికారి తాపీ మనిషి. ముప్పావుగంటకి కూడా ఫ్యాక్టరీ నిబంధనలే చదువుతున్నాడు. బ్యాటరీ యాభై శాతం దాటి కిందికొచ్చేసింది. స్క్రీన్ వెలుగు తగ్గిస్తే కాస్త మిగులుతుంది. తగ్గించే మీట ఎప్పుడో ఊడిపోయింది. ఆయన నీళ్ళు తాగుతున్న సందు చూసి అట్టముక్క పీకి, టచ్‌ప్యాడ్‌తో వెలుగు తగ్గించింది. ఇంతలో ఆయన గ్లాసు దించి గబగబా అడగడం మొదలుపెట్టాడు. అట్టముక్క ఒళ్ళోనే ఉండిపోయింది.

"ఆ రోజు మిషన్ నడిపింది నువ్వేనా?"

టైపు చేసింది. ఆపరేటరు మసకలో కళ్ళు చికిలించి చదివి, "అవునండీ" అన్నాడు.

"గార్డు లేదని తెలిసే స్విచ్చి వేశావా?"

టైపు చేసింది. ఆపరేటరు స్క్రీన్ చూశాడు, అధికారి మొహం చూశాడు, ఈసారి కాస్త గట్టిగా, "అవునండీ!" అన్నాడు.

ఆవిడ వేళ్ళు ఆగిపోయాయి. ఇదేమిటి, ఇలా అంటాడేమిటి? "ఒప్పుకున్నాడన్నమాట" అని అధికారి గొణుక్కుంటూ రాసుకుంటున్నాడు. ఆ మాట టైపు చెయ్యబోయి స్క్రీన్ చివర చూసింది. అక్కడింకా పాత ప్రశ్నే ఉంది. మిషన్ నడిపింది నువ్వేనా? కొత్త ప్రశ్న పది లైన్ల పైన, నిబంధనల మధ్యలో పోయి ఇరుక్కుంది. అరచెయ్యి ఎప్పుడు తగిలిందో ఏమో. వినపడనివాణ్ణి ఒకే ప్రశ్న రెండుసార్లు అడగడం లోకంలో మామూలే కదా, అతను మళ్ళీ అదే అడుగుతున్నారనుకున్నాడు పాపం.

బ్యాటరీ ముప్పై నాలుగు. నోరు విప్పితే పద్నాలుగేళ్ళ పేరు గంగలో కలుస్తుంది. విప్పకపోతే పక్కన భుజం ఆనించి కూర్చున్న మనిషి బతుకు కలుస్తుంది. అతనికి ఏం జరిగిందో కూడా తెలియదు, తర్వాతి లైను కోసం స్క్రీన్ కేసి బుద్ధిగా చూస్తున్నాడు.

"సార్, ఆగండి. తప్పు నాది" అంది.

అధికారి కలం ఆగింది. "మీరు మాట్లాడకూడదు కదమ్మా?"

"కూడదండీ. కానీ ఆ ప్రశ్న ఆయనకి అందలేదు. నేను వేరేచోట టైపు చేశాను. చూడండి."

"ఏదీ, ఇటు తిప్పండి."

తిప్పింది. ఆయన మెడ చాచి చూశాడు. "నా మొహమే కనిపిస్తోంది."

ముప్పై రెండు. "అక్కణ్ణుంచి కనపడదు సార్, దయచేసి ఇటు రండి!" అంటూ ఉన్న వెలుగంతా పెంచేసింది. పోతే పోనీ, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పటికి? ఆయన కుర్చీ వెనక్కి నెట్టి, బల్ల చుట్టూ తిరిగి రావడానికి యుగం పట్టినట్టుంది. వచ్చి ఇద్దరి మధ్యా తల దూర్చాడు. ఆవిడ వేలు పెట్టి చూపించింది. ఆయన నిబంధనల మధ్య ఇరుక్కున్న ప్రశ్న చదివాడు. కిందకొచ్చి చివరి లైను చదివాడు. "ఓహో" అన్నాడు. స్క్రీన్ ఠక్కున నల్లబడింది.

ఆయన తన చోటికి వెళ్ళి, రాసినది కొట్టేసి, ఒక తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో అదే ప్రశ్న రాసి ఆపరేటరు ముందుకు తోశాడు.

అతను చదివాడు. "తెలిసి ఎవడైనా వేస్తాడా సార్? అందులో ఉన్నది మా బావమరిది చెయ్యి. వాణ్ణి పనిలో చేర్పించింది నేనే. నా భార్య మొహం చూడలేక చస్తున్నాను సార్." బావురుమని ఏడ్చేశాడు.

అధికారి తలవంచుకుని రాసుకున్నాడు. చివర్లో ఇంకో కాగితం టైపక్క ముందు పెట్టాడు. ప్రశ్న తప్పుగా అందించినది నేనే, అని ఉంది. "మీ సంతకం లేకపోతే ఇందాక నేను కొట్టేసింది చెల్లదమ్మా" అన్నాడు ఇబ్బందిగా. ఆవిడ చదవకుండానే సంతకం పెట్టింది.

ఆపరేటరు ఉద్యోగం నిలిచింది. ఆవిడ పేరు ఆర్నెల్లపాటు జాబితాలోంచి తీసేశారు. ఇంట్లో కూర్చుని లాప్‌టాప్‌ని నోరారా తిట్టుకుంటుంటే, ఒక ఆదివారం పొద్దున్న తలుపు చప్పుడైంది. చూస్తే ఆపరేటరు, వెనకాల చేతికి కట్టుతో బావమరిది. కుర్రాడు మిగిలిన మూడు వేళ్ళతో జాగ్రత్తగా ఒక పొట్లం అందించాడు.

లోపల పల్చటి రేకుముక్క. టచ్‌ప్యాడ్‌కి సరిగ్గా సరిపడేంత. అంచులు గీసుకోకుండా ఆకురాయితో నున్నగా అరగదీసి ఉన్నాయి, జారకుండా రెండు కొక్కేలు కూడా పెట్టారు. కొలత ఎప్పుడు తీసుకున్నాడని ఆవిడ వేళ్ళతో సైగ చేసి అడిగింది.

"గంటసేపు దాని పక్కనే కూర్చున్నానుగా" అన్నాడు ఆపరేటరు. రేకు తనే బిగించి, ఊడుతుందేమోనని ఒకటికి రెండుసార్లు లాగి చూశాడు. "ఇక గార్డు లేకుండా మిషన్ ముందు కూర్చోకక్కా."