తలుపు తీయని వరస

క్వారీ పక్కన ఒకే వరసలో పధ్నాలుగు ఇళ్లు. ఊరు తొమ్మిది మైళ్ల దూరం. ఎప్పుడైనా ఇటు వచ్చినవాళ్లు "ఎంత ప్రశాంతంగా ఉందో!" అని మురిసిపోతారు. ఆ ప్రశాంతత ఎలా తయారవుతుందో వాళ్లకేం తెలుసు? కాగితాలు పట్టుకున్న మనిషి మలుపులో కనిపిస్తే మొదటి ఇంటివాళ్లు గోడమీద మూడుసార్లు కొడతారు. ఇంటికీ ఇంటికీ ఒకే గోడ కాబట్టి కబురు చివరిదాకా పాకుతుంది. గొళ్లాలు పడతాయి, పిల్లల నోళ్లు మూతపడతాయి. అలాంటి మనిషి ఇక్కడికి రాళ్లకింద ఎవరో పోయారని చెప్పడానికో, ఇళ్లు ఖాళీ చేయమనడానికో తప్ప రాలేదు మరి.

అయిదో ఇంటి అమ్మాయికి పందొమ్మిదేళ్లు. సన్నగా ఉంటుందని అందరికీ పిచ్చుక. అమ్మానాన్నలు పగలంతా క్వారీలో, ఇంట్లో తనూ నాయనమ్మా. ఊళ్లో నర్సు శిక్షణకు ఆమెకు సీటు వచ్చింది. ఆమె ఇక్కడే ఉంటుందని ఇరుగుపొరుగులో ఒకరు సంతకం పెట్టాలి. లేకపోతే సీటు పోయినట్టే. విచారణకు మనిషి వస్తాడని ఉత్తరంలో ఉంది, ఏ రోజో లేదు.

ఆ పొద్దున గోడ మోగింది. పిచ్చుక ఆలోచించేలోపే ఆమె చెయ్యి గొళ్లెం పెట్టేసింది.

"నాయనమ్మా, నాకోసమేనేమో," అంది గుసగుసగా.

"వచ్చినవాడల్లా ఎవరో ఒకరి కోసమే వస్తాడే. కూర్చో."

"సీటు పోతుంది!"

"పోతే సీటేగా, ప్రాణం కాదుగా. నోర్మూసుకో."

బయట ఎవరో ఆమె పూర్తి పేరు చదివాడు. కాసేపాగి, "ఎవరూ లేరని రాసేస్తా," అని గొణిగాడు.

ఆమె తలుపు తీసింది.

"ఇంతసేపేం చేస్తున్నావమ్మా?"

"నిద్రపోయాను."

"పదకొండింటికా? ఇక నర్సువై రాత్రి డ్యూటీ చేసినట్టే!" అన్నాడు ఆ గుమాస్తా. "సరే, పక్కింటివాళ్లని పిలు."

నాలుగో ఇంట్లో పెద్దమ్మ. సొంత మనిషి కాకపోయినా అంతకంటే ఎక్కువే. పిచ్చుక తలుపు తట్టింది. గొళ్లెం కదల్లేదు. ఆరో ఇల్లు, ఏడో ఇల్లు. లోపల ఎలా ముడుచుకుని కూర్చున్నారో ఆమెకు చూడకుండానే తెలుసు. ఇందాక తనూ అలాగే కూర్చుంది.

"అన్నీ ఖాళీయేనా? మరి ఆ పొయ్యి దానంతటదే రాజుకుందా?" గుమాస్తా పెద్దమ్మ ఇంటి పొగ చూసి నవ్వాడు. "నన్ను తెచ్చిన వ్యాను వెళ్లిపోతుంది తల్లీ, త్వరగా."

ఆమె వెనక్కొచ్చి పెద్దమ్మ తలుపు సందులో నోరు పెట్టింది. "పెద్దమ్మా, నేను పిచ్చుకని."

"వాడు నీ పక్కనే ఉన్నాడా?"

"ఉన్నాడు."

"అయితే నువ్వు మా పిచ్చుకవి కాదు."

ఆమె గుమాస్తాను బతిమాలి కాగితం తీసుకుని, మలుపు దాటి కనపడకుండా నిలబడమంది. "ఇదేం గోల!" అంటూనే అతను వెళ్లాడు.

అప్పుడు తలుపు బెత్తెడు తెరుచుకుంది. పెద్దమ్మ సంతకం గీకింది. "ఇక్కడ మనుషులున్నారని వాడికి తెలిసిపోయింది. రేపేం ముంచుకొచ్చినా నీదే పూచీ," అంది. తలుపు మళ్లీ మూసుకుంది.

పిచ్చుక పరుగున వెళ్లి కాగితం ఇచ్చింది. "ఇంకేం, సీటు నీదే," అంటూ అతను దాన్ని సంచిలో పెట్టుకున్నాడు. ఆమె మొహంలో నవ్వు లేదు. సంచిలో ఇంకా బోలెడు కాగితాలు కనిపించాయి. అవి ఈ వరసలో ఎవరివని అడిగేలోపే అతన్ని ఎక్కించుకుని వ్యాను కదిలిపోయింది.