శిలాఫలకం కింద ఎర్తు గొయ్యి

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, కరోనా తగ్గుముఖం పట్టిన ఏడాది శ్రావణంలో, నన్ను జనగామ జిల్లాకు సోలార్ పనుల డిప్యూటీ ఇంజనీరుగా వేశారు. ప్రభుత్వ భవనాల మీద పలకలు, లోపల ఇన్వర్టర్లు పెట్టించడం, వాటిని పరీక్షించడం, సర్టిఫికెట్ మీద సంతకం చేయడం నా పని. మూడింట్లో చివరిది బాగా చేసేవాణ్ని.

మొదటి పని పాలకుర్తి వైపు ఒక చిన్న దవాఖాన. ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. నెల తిరక్కుండానే అక్కడి నర్సు సరోజకు మెమో వచ్చింది. కాన్పుకు వచ్చినవాళ్లను ఊరికే జనగామకు పంపేస్తోందట. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి మారగానే, కడుపులో బిడ్డ గుండె చూసే మిషన్ పిచ్చి అంకెలు చూపిస్తోందని ఆమె జవాబు. చెవి గొట్టంతో వింటే బాగానే ఉండేది, కానీ రిజిస్టరులో మిషన్ అంకే రాయాలి. మిషన్ మార్చారు. కొత్తదీ అంతే. ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని పై అధికారి తేల్చేశాడు.

అలా పంపిన ఒక తండా అమ్మాయికి దారిలో, అంబులెన్సులోనే కాన్పయింది. అదృష్టం కొద్దీ తల్లీబిడ్డా దక్కారు. అప్పుడు నన్ను పిలిచారు.

కడుపు మీద ఆనించే మిషన్ ప్రోబును ఖాళీ బల్ల మీద పెట్టి, మెయిన్ ఆపించాను. బల్లకు నిమిషానికి రెండు వందల పది గుండె చప్పుళ్లు!

“బల్లకు గూడ నెలలు నిండినయా సారూ?” అంది సరోజ. నవ్వలేదు.

ఇన్వర్టర్ డీసీని ఏసీగా మార్చడానికి సెకనుకు వేలసార్లు స్విచ్చులు వేసి తీస్తుంది. అందులో పుట్టే విద్యుత్ రొదను ఫిల్టర్ పట్టి, ఎర్తు తీగ ద్వారా భూమిలోకి పంపాలి. ఆ దారి లేకపోతే రొద పక్క మిషన్లలో దూరుతుంది. ఎర్తు తీగ వెంట నడుచుకుంటూ పోయి ప్రారంభోత్సవపు శిలాఫలకం గద్దె దగ్గర ఆగాను. ఆ తీగ దిగే ఎర్తు గొయ్యి గేటుకెదురుగా, నలుగురికీ కనపడే చోట తవ్వారు. శిలాఫలకానికీ అదే చోటు కావాలి మరి! మేస్త్రీ తీగ కోసి, గొయ్యి పూడ్చి, గ్రానైటు నిలబెట్టాడు. నా సర్టిఫికెట్లో మాత్రం ఎర్తు దివ్యంగా ఉంది. ఆ ఎర్తు కొలత అంకె ఆఫీసు కుర్చీలో కూర్చుని వేసినది.

రాయిని తొలగించడానికి అనుమతి కోరుతూ ఫైలు పెట్టాను. రాయి మీద పదకొండు పేర్లున్నాయి. ఆ ఫైలు కదలదని నాకు తెలుసు. మూడు వారాలు గడిచాయి. సరోజకు రెండో మెమో వచ్చింది, ఈసారి సస్పెన్షన్ మాట కూడా ఉంది. ఆమె మెమో చేతిలో పట్టుకుని అడిగింది.

“గా రాయిని ముట్టుడెందుకు సారూ? గిటు పక్క ఇంకో బొంద తవ్వితే ఎర్తు రాదా?”

వస్తుంది. నాకు తట్టక కాదు. కొత్తది తవ్వితే పాతది లేదని రాయాలి, రాస్తే నా సర్టిఫికెట్ అబద్ధమని తేలుతుంది. ఫైలు తిరుగుతున్నంతకాలం నేను క్షేమం. ఆమె కళ్లలోకి చూడలేకపోయాను. సిగ్గేసింది.

మర్నాడు పొద్దున గొయ్యి తవ్వించి, రాడ్డు దింపి, తీగ కలిపి, బొగ్గూ ఉప్పూ వేసి నీళ్లు పోయించాను. మధ్యాహ్నానికి బల్ల గుండె ఆగింది. గొయ్యి చూడకుండానే సంతకం చేశానని రాసిచ్చాను. సరోజ మెమోలు రద్దయ్యాయి, ఒకటి నాకొచ్చింది.

కళ్లతో చూడని ఎర్తుకు సంతకం చేయకూడదని ఆ పని నేర్పింది. శిలాఫలకం ఇప్పటికీ అక్కడే ఉంది. దాని మీద పదకొండో పేరు నాది.