బందు నాడు రోడ్డు ఖాళీ చేయమన్నాను

ఆ రోజుల్లో సిద్దిపేటలో ఎవరిని కదిలించినా రాబోయే లోకం గురించే మాట్లాడేవారు. రాష్ట్రం వస్తే నీళ్లొస్తాయని ఒకరు, కొలువులొస్తాయని ఒకరు, ఏదొచ్చినా రాకపోయినా మన మాట విని నవ్వేవాళ్లు మాత్రం ఉండరని మరొకరు. చాయ్ హోటల్ ముందు నిలబడితే చాలు, గ్లాసు ఖాళీ అయ్యేలోపు ఒక కొత్త లోకం కట్టి మన చేతిలో పెట్టేవారు. అలాంటి ఏడాదిలోనే మా డిగ్రీ కాలేజీ ఇంగ్లీషు సారు కూడా మాకు లోకాలు కట్టే పనే పెట్టడం దైవఘటన అనుకుంటాను. (నేను చాలా సంగతుల్ని దైవఘటనే అనుకుంటాను. మా ఇంట్లో వాళ్లకు ఇది అలవాటైపోయింది.)

సారు ఒక చిట్టా తెచ్చాడు. అందులో సగం అంతా మంచే జరిగే లోకం మీద రాసిన నవలలు, సగం అంతా చెడిపోయిన లోకం మీద రాసినవి. సినిమా రావడానికి ముందు టీవీలో రెండు నిమిషాల ముక్క చూపిస్తారు కదా, పుస్తకానికి కూడా అలాంటిది సెల్‌ఫోన్లో తీసి తేవాలట. దాన్ని బుక్ ట్రైలర్ అంటారట. "కథంత చెప్పద్దు. చూసినోడు లైబ్రరీకి ఉరకాలె, గట్ల తియ్యాలె," అన్నాడు. "నలుగురికొక జట్టు. మార్కులు జట్టుకే." ఆయన మాట పూర్తయ్యేలోపే బెంచీలు కిర్రుమన్నాయి, జట్లు కుదిరిపోయాయి. కుదరకుండా మిగిలింది ఒక్క బెంచీ. దాని మీద నేను.

అందుకు ఎవరినీ తప్పుపట్టలేను. చిన్నప్పటి నుంచి ఆయాసం వల్ల నేను బడి ముఖం చూడలేదు. సర్కారు బడిలో పంతులైన మా నాయిన పొద్దంతా ఊరి పిల్లలకు చెప్పిన పాఠమే సాయంత్రం ఇంటికొచ్చి నాకూ చెప్పేవాడు. (అంత అలసిపోయి వచ్చి కూడా ఒక్కనాడు విసుక్కోలేదు. ఆ రుణం తీరేది కాదు.) పదో తరగతి, ఇంటర్ ఇంట్లోనే చదివి రాశాను. డిగ్రీకి కాలేజీలో చేరితే అది సమ్మెల కాలం. మా కాలేజీలో స్నేహాలు తరగతి గదిలో కాదు, ధర్నాల్లో కుదిరాయి. దుమ్ము, పొగ పడవని నాయిన నన్ను ధర్నాలకు పంపలేదు. మూడో ఏడు వచ్చేసరికి అందరికీ అందరూ దోస్తులు, నాకు మాత్రం హాజరు పట్టీలో నా పేరుకు పైనున్న పేరూ కిందున్న పేరూ తెలుసు.

సారు దగ్గరికి వెళ్లి మెల్లగా అడిగాను. "సార్, ఒక్క మనిషే ఉండే పుస్తకమేమన్న ఉన్నదా?"

ఆయన చిట్టా కిందిదాకా చూశాడు. "ఒకటున్నది. ఊరంత మాయమైతది, ఒక్కామె మిగులుతది. కని అమ్మా, ఖాళీ ఊరు ఏడికెల్లి తెస్తవు? చేతగాకుంటె చెప్పు, ఎవలనో ఒగలను నిన్ను గూడ కలుపుకోమని బతిమాలుత."

మంచి మనసుతోనే అన్నాడు. కానీ ఆ 'బతిమాలుత' నాకు ముల్లులా దిగింది. నన్ను చేర్చుకోమని సారు బెంచీ బెంచీకి తిరిగి అడగడం, వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం కళ్ల ముందు కనిపించాయి. ఎట్లాగైనా ఆ ఒంటరి ముక్క నేనే తీయాలి. "ఊరు నేను తెస్త సార్," అన్నాను. నా ధీమాకు కారణం ఉంది. బందు. బందు నాడు నాయినకు బడి ఉండదు, వీధి తలుపు గడియ పెట్టి పొద్దంతా నాకు పాఠం చెప్పేవాడు. దుకాణాలన్నీ మూసేస్తారు, బస్సులు తిరగవు అని పేపర్లో చదివేదాన్ని. అంటే ఊళ్లో పిట్ట కూడా ఉండదని పదేళ్లుగా నా నమ్మకం.

ఆ వారమే బందు పిలుపు వచ్చింది. దేవుడి ముందు దీపం పెట్టి దండం పెట్టుకుని, కాలేజీ పని ఉందని నాయినను ఫోన్ అడిగాను. ఆయన ఫోన్ నా చేతికిచ్చి, "ఇయ్యాల బండ్లు తిరుగయి, దుమ్ముండది. ఒక్క గంటల వచ్చెయ్యి," అన్నాడు.

మా గల్లీ మలుపు తిరిగి పెద్దరోడ్డు మీదికి వచ్చాను. ఊరంతా అక్కడే ఉంది. బండ్లు పోకుండా నడిరోడ్డు మీదే వండుకు తినడం ఆ రోజుల్లో ఒక నిరసన. రోడ్డుకు అడ్డంగా రాళ్ల పొయ్యిలు, వాటి మీద గంపంత గంజులు, ఒక పక్క వంకాయలు కోసేవాళ్లు, ఒక పక్క క్యారమ్స్, డప్పు, పాట, షామియానా కింద నిరాహార దీక్షలో ఒక తాత. నేను ఒక దుకాణం మెట్టు మీద కూర్చుని వీళ్లంతా ఇళ్లకు పోతారని ఎదురుచూశాను. వాళ్లేమో కూర ఉడకాలని ఎదురుచూస్తున్నారు. అరగంట చూసి, గంజులో గంటె తిప్పుతున్న ఒక పెద్దామె దగ్గరికి వెళ్లాను.

"పెద్దమ్మా, ఒక్క రెండు నిమిషాలు అందరు పక్కకు జరుగుతరా? రోడ్డు ఖాళీ గావాలె."

గంటె ఆగింది. డప్పూ ఆగింది.

"ఏందీ, రోడ్డు ఖాళీ చెయ్యాల్నా? పొద్దుగాల పోలీసోళ్లు గిదే మాటన్నరు. వాళ్లకంటె నువ్వే నయం తియ్యి, పెద్దమ్మ అని పిలిచినవు!"

"ఎవల పిల్లవే నువ్వు? ఎవలు పంపిన్రు?" అని వంకాయల వైపు నుంచి కత్తిపీటతో సహా ఒకామె లేచింది. నాకు ఆయాసం మొదలైంది. అప్పుడు, బందు నాడు కూడా మెడలో టేపు తీయని ఒక దర్జీ చాచా అడ్డం వచ్చాడు. "అరె ఠైరో! పిల్ల ఏదో చెప్తున్నది, ఇనుండ్రి జర."

చెప్పాను. పుస్తకం, మాయమైన ఊరు, మిగిలిన ఆమె. పెద్దమ్మ శ్రద్ధగా విన్నది.

"గంతమంది ఏడికి పోయిన్రు?"

"పుస్తకంల రాయలేదు పెద్దమ్మా."

"గంత పుస్తకం రాసి గదే రాయలేదా! మరి ఆమెకు వంటెవలు చేస్తరు?"

"తనే వండుకుంటది."

"ఒక్కదానికోసం ఏం వండబుద్ధైతది బిడ్డా," అని ఆమె పొయ్యిలో కట్టె ఎగదోసింది.

"నీ జట్టోళ్లు ఏరి? ఒక్కదానివే వచ్చినవేంది?" అన్నాడు చాచా.

"నాకు జట్టు లేదు చాచా." అప్పటిదాకా ఆ మాట నేనెవరికీ చెప్పలేదు, నాయినకు కూడా.

చాచా నన్ను ఒక్క క్షణం చూసి చప్పట్లు కొట్టాడు. "చలో! అందరు గల్లీలల్లకు పోండ్రి! పిల్లకు పరీక్షున్నది. రెండు నిమిషాలు మనం ఎవ్వలం లేం!"

పోలీసులు చెప్తే కదలని రోడ్డు కదిలింది. క్యారమ్స్ వాళ్లు కాయలు చెదరకుండా బల్లను నలుగురూ పెండ్లి పల్లకిలా మోసుకుపోయారు. తాతను లేపితే దీక్ష చెడుతుందని ఆయన మీద బ్యానరు కప్పారు. "అన్నం అడుగంటితె మీ పుస్తకమామెకే పెడ్త," అని పెద్దమ్మ వెనక్కి చూసుకుంటూ గల్లీలోకి వెళ్లింది.

ఫోన్‌ను ఇటుకకు ఆనించి రోడ్డు మధ్యకు నడిచాను. నిజంగానే ఎవరూ లేరు. పొయ్యిల మీద ఆవిరి మాత్రం లేస్తోంది. ఆ రోడ్డు అంత వెడల్పని నాకు తెలియదు. నటించాల్సిన అవసరమే లేకపోయింది. ఎన్నో మధ్యాహ్నాలు కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డ పిల్లే అక్కడ నిలబడింది. బట్టీ పట్టిన ఒక్క మాట సన్నగా బయటికి వచ్చింది.

"ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నం బిడ్డా!" పెద్దమ్మ ఆపుకోలేకపోయింది. ఎదురు గల్లీ నుంచి "ఉన్నం!" ఆ వెనక గల్లీ నుంచి "ఉన్నం, ఉన్నం!" ఆ మీద అన్ని గల్లీలూ కలిసి "జై తెలంగాణ!" బ్యానరు కింద నుంచి తాత పిడికిలి ఒక్కటి పైకి లేచింది.

చాచా అందరినీ తిట్టి మళ్లీ తీయమన్నాడు. ఈసారి ఒట్టు పెట్టుకుని నోళ్లు మూసుకున్నారు. కానీ నాకే చేతకాలేదు. వాళ్లున్నారని తెలిశాక ఉన్నారా అని ఎట్లా అడగను? ముఖం నిండా నవ్వే. చివరికి ఇస్తర్లో అన్నం, వంకాయ కూర పెట్టించుకుని తిని, మొదటి ముక్కనే కాలేజీకి పట్టుకుపోయాను. వాళ్లెవరి పేర్లూ అడగలేదు. ఇప్పటికీ పూజలో 'ఆ రోడ్డు మీదివాళ్లు' అనే చెప్పుకుంటాను, దేవుడికి తెలుస్తుందిలే.

క్లాసులో అది చూసి పడీ పడీ నవ్వారు. "ఊరు ఖాళీ గాలేదు గదమ్మా," అన్నాడు సారు కళ్లద్దాలు తుడుచుకుంటూ. "దీన్ని చెడ్డ లోకంల రాసుకోవాల్నా, మంచి లోకంల రాసుకోవాల్నా?" ఏ లోకంలో రాసుకున్నాడో గానీ పాస్ చేశాడు, ఎవరినీ బతిమాలలేదు. బయట మెట్ల మీద రెండు జడల అమ్మాయి ఒకతి నన్ను ఆపింది. "మల్ల బందు పడితె నన్ను గూడ పిలువవే. నేను గూడ దాస్కుంట."

మూడేళ్లలో ఒక తోటి పిల్ల నన్ను 'వే' అని పిలవడం అదే మొదటిసారి. అలాంటి ఘడియలో ఇరవై ఏళ్ల నేను చెప్పిన జవాబు ఏమిటంటే, "నాయినను అడిగి చెప్త."

అడిగాను. నాయిన సరేనన్నాడు. ఆ సంగతి ఆమెకూ చెప్పాను. ఇక రోజూ పేపర్లో బందు కోసం వెతికాను. ఉన్న ఒకటి రెండూ పరీక్షల్లో పోయాయి. "స్వామీ, తెలంగాణ ఇయ్యి, కని ఇంకొక్క బందు అయినంక ఇయ్యి," అని మొక్కిన మనిషిని జిల్లా మొత్తంలో బహుశా నేనొక్కదాన్నే అయి ఉంటాను. దేవుడు పెద్ద మొక్కులే ముందు విన్నాడు. వానాకాలంలో రాష్ట్రం ఇస్తున్నారన్న ప్రకటన వచ్చింది, ఊరంతా రంగులు చల్లుకుంది. నేను గడపలో నిలబడి మనసారా దండం పెట్టుకున్నాను. దండం పెడుతూనే, ఇక మనకు బందులు ఉండవు కదా అని దిగులుపడ్డాను.

ఆ అమ్మాయి ఇల్లు మా ఇంటికి నాలుగు గల్లీల అవతలే. బందు లేకపోయినా, చేతిలో ఏ పనీ లేకపోయినా, ఉత్తగా దోస్తు ఇంటికి వెళ్లి తలుపు తట్టవచ్చని నాకు నిజంగా తెలియదు. నాయిన అన్ని పాఠాలూ చెప్పాడు గానీ, పాపం, ఇది ఆయన పుస్తకాల్లోనూ లేదు. నాకది తట్టేసరికి వాళ్లు ఇల్లు కిరాయికిచ్చి ఊరు మారిపోయారు. తలుపు తీసిన కొత్తామె "ఎవరు గావాలె?" అంటే, "బందు ఎప్పుడో తెలుసుకుందామని వచ్చిన," అన్నాను.