రెండు టిక్కెట్ల ఆలస్యం

ఆ రోజు పదకొండు గంటలకు, ముప్పై ఆరేళ్ల సర్వీసు ముగించిన పోస్టుమాస్టరుగారు తన వీడ్కోలు సభలో పళ్లు లేకుండా ప్రసంగించారు. పెదవులతో పలికే మాటలు మాత్రమే ఏరుకోవలసి రావడంతో ప్రసంగం రెండు నిమిషాల్లో అయిపోయింది. మొదటి వరుసలోని వాళ్లు రుమాళ్లతో ముఖాలు తుడుచుకున్నారు. అంతకు మించి ఏమీ జరగలేదు.

ఆ పళ్లు అప్పటికింకా రైల్లో ఉన్నాయి. తడి దూదిలో చుట్టి, స్టీలు డబ్బాలో పెట్టి, కట్టుడు పళ్ల మేస్త్రి ఒళ్లో ఉన్నాయి. కొరియర్ అంటే మేస్త్రికి నమ్మకం లేదు. సెట్టు తనే మోసుకెళ్లి, నోట్లో పెట్టి చూసి, ఎక్కడ ఒత్తుతోందో కనిపెట్టి, ఆకురాయితో నాలుగు సార్లు గీకి, "ఇప్పుడు కొరకండి" అంటేగాని ఆయన లెక్కలో పని పూర్తయినట్టు కాదు. ఇరవై ఏళ్లుగా ఇదే వరస.

టిక్కెట్టు కొన్నది మాత్రం ఫోన్లోని ఒక యాప్‌లో. స్టేషన్లో కన్నా ఓ కప్పు టీ ఖర్చు మిగులుతుందట. రైలు చేరవలసిన పది గంటలకు ఆ యాప్ టింగుమని మోగి, "మీ ప్రయాణం విజయవంతంగా ముగిసింది! అభినందనలు!" అని పంపింది. మేస్త్రి కిటికీలోంచి చూశాడు. రైలు పొలాల మధ్య నిలబడి ఉంది. ఒక ఆవు తలెత్తి ఆయన్ని చూసి, మళ్లీ తన మేతలో పడిపోయింది.

గంటా నలభై నిమిషాల ఆలస్యంతో క్లినిక్‌కు చేరేసరికి ఆ సెట్టు పురమాయించిన పళ్ల డాక్టరమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది.

"రైలు లేటండీ డాక్టరమ్మగారూ!"

"ఇది మూడోసారి మేస్త్రీ. పోయిన రెండుసార్లూ రైలే లేటన్నావు."

ఆ రెండుసార్లూ రైలు వేళకే వెళ్లింది, మేస్త్రే వేళకు నిద్ర లేవలేదు. సాక్ష్యంగా టిక్కెట్టు చూపిద్దామని ఫోను తీశాడు. పది గంటలకొచ్చిన పచ్చ అక్షరాల అభినందనలు చక్కగా మెరుస్తున్నాయి.

"ఓహో, పదింటికే దిగావన్నమాట! లేటని రైలువాళ్ల చేత రాయించి తీసుకురా. రెండు వారాలు చూస్తా. ఆ తర్వాత పనంతా కొత్త వర్క్‌షాపు వాళ్లకే."

ఆ క్లినిక్ పోతే మేస్త్రి పనిలో సగం పోయినట్టే. గంట దాటి ఆలస్యమైతే పరిహారం ఇస్తామని, అడిగినవారికి ఉత్తరం ద్వారా జవాబిస్తామని స్టేషన్ గోడ మీద రాసి ఉంది. ఆ ఉత్తరమే తనకు కావాలనుకున్నాడు మేస్త్రి.

ముందు యాప్‌ను అడిగాడు. "మీ ఇబ్బందికి చింతిస్తున్నాం. మేము టిక్కెట్టు మాత్రమే అమ్మాం" అంది. మళ్లీ అడిగాడు. మళ్లీ చింతించింది. నాలుగోసారి కూడా అక్షరం పొల్లుపోకుండా అంతే చింతించేసరికి, అవతల మనిషే లేడని ఈయనకు బోధపడింది. మనిషైతే ఈపాటికి విసుక్కునేవాడు.

స్టేషన్ కౌంటర్లో మనిషే ఉన్నాడు. పెద్ద తేడా ఏమీ లేదు.

"ఇది మా దగ్గర కొనలేదుగా బాబాయ్? మా రికార్డులో కొన్నది యాప్. అడిగితే అదే అడగాలి."

"రైలెక్కింది యాపా బాబూ?"

గుమాస్తా ఆ మాట విననట్టు నటించి, కంప్యూటర్లోకి తొంగిచూశాడు. "అయినా ఇవి రెండు టిక్కెట్లు. చవగ్గా పడాలని యాప్ వాళ్లు మీ ప్రయాణాన్ని మధ్య స్టేషన్లో రెండు ముక్కలు చేసి అమ్మారు. మొదటి టిక్కెట్టు మీద యాభై నిమిషాలు, రెండోదాని మీద యాభై. ఏదీ గంట దాటలేదు."

"నేను సీట్లోంచి లేవనే లేదయ్యా!"

"మీరు లేవలేదు బాబాయ్. టిక్కెట్టు దిగి మళ్లీ ఎక్కింది."

మేస్త్రికి అరికాలి మంట నెత్తికెక్కింది. "పై సెట్టు బాగుంది, కింది సెట్టూ బాగుంది, రెండూ కలిపి కొరికితే నా పూచీ లేదని నేనంటే జనం నన్ను బతకనిస్తారా?"

గుమాస్తా ఒక నవ్వు నవ్వి, ఆ నవ్వుతోపాటే ఒక ఫారం ఇటు తోశాడు. పై అధికారులకు పంపుకోమన్నాడు.

పదకొండో రోజున ఉత్తరం వచ్చింది. సీలుంది, సంతకముంది. "మొదటి టిక్కెట్టుపై ప్రయాణం యాభై నిమిషాలు, రెండవ టిక్కెట్టుపై మరో యాభై నిమిషాలు ఆలస్యమైనట్లు మా రికార్డులు ధ్రువీకరిస్తున్నాయి. ఏ ఒక్కటీ గంట దాటనందున పరిహారం చెల్లించుట కుదరదు." తిప్పలు పెట్టిన తెలివినంతా పేజీ నిండా ఎంతో గర్వంగా వివరించుకున్నారు.

డాక్టరమ్మ అది రెండుసార్లు చదివి, వేళ్ల మీద కూడుకుని, మూడు నోళ్ల అచ్చులు బల్ల మీద పెట్టింది. "గురువారానికి కావాలి. నువ్వూ రైలూ ఇద్దరూ వేళకు లేవండి."

అచ్చులు గుండెలకు హత్తుకుని ఇంటికొచ్చిన మేస్త్రి ఆ ఉత్తరాన్ని పనిబల్ల పైన, గోడకు మేకు కొట్టి మరీ తగిలించాడు. భార్య వచ్చి, ఆసాంతం చదివి, నడుం మీద చేతులు పెట్టుకుంది.

"పదకొండు రోజులు కాళ్లరిగేలా తిరిగారు, పైసా ఇవ్వమని మొహం మీదే రాశారు, దీన్ని పటం కట్టుకుంటారేంటండీ?"

"ఇవ్వం అని చెప్పడానికి కాబట్టి ఇంత వివరంగా రాశారే, ఇచ్చేవాళ్లయితే లేటని ఒక్క ముక్క రాసేవాళ్లా?"