నర్సు కోమల ఆపిన మోత

కడుపులోని బిడ్డ గుండె చప్పుడు వినిపించే చిన్న యంత్రాన్ని అల్మారాలో పెట్టి తాళం వేయడం నర్సు కోమలకు గిట్టదు. పాడైపోతుందని పైవాళ్లు సణిగినా, సద్ది గిన్నె పక్కనే సంచిలో వేసుకుని, కొంగు నడుముకు దోపి ఇల్లిల్లూ తిరుగుతుంది. ఆ రోజు నిండు గర్భిణి వనజ, నిన్నటి నుంచి బిడ్డ సరిగా కదలడం లేదంది. పొట్ట మీద యంత్రం ఆనిస్తే, ఇంట్లోనే నడుస్తున్న నేత సాంచెల, అంటే మరమగ్గాల, మోతలో ఏమీ వినబడలేదు. “సాంచెలు బంద్ వెట్టుండ్రి,” అంది కోమల. “నడుమల ఆపితే పని ఖరాబైతది,” అన్నాడు వనజ మామ రాములు.

కోమల తిన్నగా వెళ్లి మెయిన్ స్విచ్ కిందికి లాగింది. మోత ఆగిన ఇంట్లో యంత్రం మళ్లీ ఆనిస్తే, బిడ్డ గుండె సన్నగా, తడబడుతూ వినిపించింది. రాములు చెయ్యి స్విచ్ మీదికి పోయింది. “ముట్టకు కాకా! అంబులెన్సుకు ఫోన్ గొట్టు,” అంటూ కోమల వనజ పొట్ట మీద అరచెయ్యి ఆనించింది. “ఆగగూడని సాంచె గిది.”