దింపుడు కళ్లం దగ్గర ఆరిపోయిన ఫోన్

ఆ ఫోన్‌ని ఇప్పటికీ నేలకేసి కొట్టాలనిపిస్తుంది. అందులో నాన్న ఫొటోలున్నాయని ఊరుకున్నాను, అంతే.

కొని రెండేళ్లు కూడా కాలేదు, దాని మానాన అది బాగానే పనిచేసేది. ఒకరోజు పొద్దున్న లేచేసరికి తనంతట తనే అప్‌డేట్ అయి కూర్చుంది. నన్నెవరడిగారు? అప్పటినుంచి నిండా ఛార్జింగ్ పెట్టుకుని బయల్దేరినా, అల్లవరం సెంటర్లో టీ తాగేలోపే సగానికి పడిపోయేది. జేబులో పెనంలా కాలేది. అమలాపురం తీసుకెళ్లి షాపులో ఇస్తే, అతను తిప్పి తిప్పి చూశాడు.

"బ్యాటరీ శుభ్రంగా ఉందండి. ఇది కంపెనీవోళ్ల అప్‌డేటండి, మన చేతుల్లో లేదండి. ఇంకో అప్‌డేట్ వస్తే అదే సర్దుకుంటుందండి."

అదెప్పుడొస్తుందయ్యా అంటే నవ్వాడు. ఒళ్లు మండిపోయింది.

ఆ వారంలోనే నాన్న పోయాడు.

అక్క కువైట్లో ఒకరింట్లో పని చేస్తోంది. వాళ్లు పంపించలేదు. ఫోన్లో ఏడ్చి ఏడ్చి, చివరికి ఒక్కటే అడిగింది: "దింపుడు కళ్లం దగ్గర నన్నూ పిలవనియ్యరా తమ్ముడూ."

శ్మశానం చేరేముందు పాడెని దారిలో ఒకచోట దింపుతారు. అయినవాళ్లు చెవి దగ్గర వంగి మూడుసార్లు పిలుస్తారు. ఏ మూలనైనా ప్రాణం మిగిలుంటే పలుకుతారేమోనని ఆఖరి ఆశ. ఆడవాళ్లు అంతదూరం రారు కాబట్టి వాళ్లకి ఆ పిలుపు దక్కదు. ఏమంటాడోనని భయపడుతూనే పెదనాన్నని అడిగాను. "పిలవనియ్యరా. ఫోను రాకూడదని ఏ శాస్త్రంలో రాసుంది?" అన్నాడు.

పాడె లేచేదాకా ఫోన్‌ని ఛార్జింగ్‌లోంచి తియ్యలేదు. నాన్నతో పాటే వస్తానంది అక్క. నా చేతిలో నిప్పుకుండ ఉంది కాబట్టి, వీడియో కాల్ పెట్టిన ఫోన్ పట్టుకుని పెదనాన్న నా వెనకే నడిచాడు.

కాలవగట్టు మీద పాడె దించారు. ముందు నేను పిలిచాను. తర్వాత ఫోన్ అందుకుని నాన్న చెవి దగ్గర పెట్టబోయాను. కాలిపోతోంది. చల్లబడిపోయిన ఆ చెవికి అంత వేడి తగిలించడానికి చెయ్యి రాక, కొంచెం ఎడంగా పట్టుకున్నాను.

"నాన్నా," అంది అక్క.

ఒక్కసారి. అంతే, స్క్రీన్ నల్లబడింది.

బటన్ నొక్కాను. కంపెనీ బొమ్మ వెలిగి ఆరిపోయింది. మళ్లీ నొక్కాను, మళ్లీ అదే బొమ్మ. ఎవడో ఏసీ గదిలో కూర్చుని ఏదో మార్చినందుకు, నేను మా నాన్న పాడె పక్కన గొంతుక్కూర్చుని బటన్ నొక్కుతున్నాను. నోటికొచ్చిన బూతులన్నీ తిట్టాను. చావు దగ్గరున్నానని కూడా చూసుకోలేదు. చుట్టూ ఉన్నవాళ్లందరి జేబుల్లోనూ ఫోన్లున్నాయి. అక్క నంబరు ఒక్కడి దగ్గరా లేదు, నాకూ నోటికి రాదు.

"పొద్దు వాలిపోతందిరా. ఇంక లేపాలి," అన్నాడు పెదనాన్న మెల్లగా. లేపేశాం.

ఇంటికొచ్చి, స్నానం చేసి, ఫోన్ ఛార్జింగ్ పెట్టాను. వెలిగీ వెలగ్గానే అక్క కాల్ వచ్చింది.

"కళ్లు మూసుకుని పిలిచేన్రా. తెరిచేసరికి ఎవరూ కనపళ్లేదు. మూడుసార్లూ నాన్నకి వినపడిందా?"

"మూడుసార్లూ వినపడిందక్కా," అన్నాను.